జ్ఞాన దంతం తీయించుకుంటే వచ్చే ఇబ్బందులు: ఏ రోజు ఏది మామూలు, ఏది కాదు

కింది దవడలో చివరి పన్ను, అంటే జ్ఞాన దంతం, అడ్డంగా పెరిగి ఇరుక్కుపోతే దాన్ని మామూలు పన్నులా లాగేయడం కుదరదు. చిగుళ్లు కోసి, చుట్టూ ఉన్న ఎముక కాస్త తొలిచి, ఒక్కోసారి పన్నునే రెండు మూడు ముక్కలు చేసి తీస్తారు. తర్వాత కుట్లు వేస్తారు. ఇంత జరిగాక వాపు, నొప్పి రాకుండా ఎలా ఉంటాయి? అందుకే నొప్పి ఎంతుందో చూసుకుంటూ టెన్షన్ పడేకంటే ఎన్నో రోజున వచ్చిందో చూసుకోండి. రెండో రోజు నొప్పి సహజం. తగ్గినట్టే తగ్గి నాలుగో రోజున తిరగబెడితే మాత్రం డాక్టరు చూడాలి.

ఖాళీ కడుపుతో వెళ్తే కుర్చీలోనే కళ్లు తిరిగాయి

"ఆపరేషన్" అనే మాట వినగానే చాలామంది ఏమీ తినకుండా బయల్దేరతారు. దవడ మొద్దుబారే ఇంజెక్షన్‌తో మాత్రమే చేసేటప్పుడు ఉపవాసం అక్కర్లేదు. ఆకలికి భయం తోడైతే బీపీ పడిపోతుంది. షుగర్ మాత్రలు వేసుకుని తిండి మానేస్తే ఇంకా ప్రమాదం. హాయిగా టిఫిన్ చేసి, రోజువారీ మాత్రలు వేసుకునే వెళ్లండి. పూర్తి మత్తు ఇచ్చి చేస్తామంటే సంగతి వేరు. అప్పుడు సాధారణంగా 6 గంటల ముందు నుంచి తిండి, 2 గంటల ముందు నుంచి మంచినీళ్లు కూడా మానేయమంటారు. ఆసుపత్రి వాళ్లు చెప్పిన టైమే లెక్క.

ఇంజెక్షన్ ఇవ్వగానే గుండె దడదడలాడితే అది చాలావరకు మందులో కలిపే అడ్రినలిన్ వల్లే. కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను, ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపకండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి చాలా సందర్భాల్లో మాత్ర ఆపకుండానే పన్ను తీస్తారు. కాసేపు ఎక్కువగా కారే నెత్తురును ఒత్తిపట్టి, కుట్టు వేసి ఆపొచ్చు. మాత్ర ఆపేసి, గుండె రక్తనాళంలో వేసిన స్టెంట్‌లో రక్తం గడ్డకడితే మాత్రం అది ప్రాణాల మీదికొస్తుంది. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవారికి ముందు ఐఎన్ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే) పరీక్ష చేయిస్తారు. ఎముకలు గుల్లబారాయని జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్ ఎప్పుడైనా తీసుకుని ఉంటే అదీ చెప్పాలి. అది చేయించుకున్నవారిలో కొందరికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానదు. ఏడాదికోసారి చేయించుకునే ఇంజెక్షన్ కాబట్టి చాలామందికి గుర్తే ఉండదు.

పై పన్ను పీకితే చూపు పోతుందని భయపెట్టే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. కంటిచూపు నరానికీ పంటి నరానికీ సంబంధమే లేదు.

మొదటి రోజు: నెత్తురు ఆగడం లేదు

నిజంగా ఆగడం లేదా, ఉమ్మిలో ఎర్రగా కనిపిస్తోందా? ఒక్క చుక్క నెత్తురు కలిసినా నోటినిండా ఉమ్మి ఎర్రబడుతుంది. మొదటి 24 గంటలు అలా ఎర్రటి చాయ ఉండొచ్చు.

కారుతూనే ఉంటే దానికి ఎక్కువసార్లు కారణం మనమే. గాజుగుడ్డను నిమిషానికోసారి తీసి చూసుకోవడం, మాటిమాటికీ ఉమ్మేయడం, పుక్కిలించడం వల్ల గుంటలో గడ్డకట్టే రక్తం లేచిపోతుంది. ఆ గడ్డే గాయానికి మూత. కూర్చుని, శుభ్రమైన గాజుగుడ్డ మడిచి సరిగ్గా గుంట మీదే పెట్టి, 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా కొరికి పట్టండి. మధ్యలో తీయొద్దు, మాట్లాడొద్దు, ఉమ్మి మింగేయండి. గాజుగుడ్డ లేకపోతే తడిపి చల్లార్చిన టీ బ్యాగ్ కూడా పనికొస్తుంది, టీలో వగరుకు రక్తాన్ని గడ్డకట్టించే గుణం ఉంది. రాత్రి తల కింద రెండు దిండ్లు పెట్టుకోండి. ఇలా రెండుసార్లు చేసినా నోరు నెత్తురుతో నిండుతుంటే ఫోన్ చేసి కూర్చోకుండా బయల్దేరండి.

పసుపు, కాఫీ పొడి, లవంగ నూనె వంటివి గుంటలో వేయకండి.

మూడో రోజుకి బుగ్గ బూరెలా పొంగింది

అది పొంగే రోజే. వాపు 48 నుంచి 72 గంటల మధ్య పతాక స్థాయికి చేరి ఆ తర్వాత దిగుతుంది. మొదటి రోజు ఐసును గుడ్డలో చుట్టి బుగ్గ మీద పదిహేను నిమిషాలు పెట్టి, అంతసేపూ తీసి, మళ్లీ పెట్టాలి. రెండు రోజులు దాటాక ఐసుతో లాభం లేదు, గోరువెచ్చని కాపడం మేలు. కొందరికి బుగ్గ నుంచి మెడ దాకా నల్లగా కమిలి, తర్వాత పసుపుపచ్చగా మారుతుంది. లోపల చేరిన రక్తం ఇంకిపోతున్న గుర్తు అది, తనే పోతుంది.

మాత్ర వేసుకున్నా నొప్పి తగ్గట్లేదు

నొప్పి మొదలయ్యాక వేసుకుంటున్నారేమో. మొద్దుబారడం పూర్తిగా పోకముందే మొదటి మాత్ర కడుపులో ఉండాలి. ఆ తర్వాత డాక్టరు రాసిన టైముకి వేసుకోవాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్‌తో పాటు 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కూడా ఉంటుంది. డోలో 650 కూడా పారాసెటమాలే, దాని మీద ఇదీ వేసుకుంటే ఒకే మందు రెండువైపుల నుంచి వస్తున్నట్టు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవారు రెండు అట్టల మీదా పేర్లు చదవండి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవారు ఐబుప్రోఫెన్ జోలికి డాక్టరును అడక్కుండా పోకూడదు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాసి ఉంటే మద్యం తాగడం బంద్.

నాలుగో రోజున చెవిలోకి పోటు

రెండు రోజులు బాగుండి, మూడు నుంచి ఐదో రోజు మధ్య ఒక్కసారిగా దవడ నుంచి చెవిలోకి, కణతలోకి పోటు ఎక్కితే, నోరు వాసన వేస్తుంటే, మాత్రలకు లొంగకపోతే, అది డ్రై సాకెట్ అయ్యుంటుంది. గుంటలోని రక్తపు గడ్డ ముందే కరిగిపోయో ఊడిపోయో కింద ఎముక బయటపడుతుంది. కింది జ్ఞాన దంతాలకే ఇది ఎక్కువ. సిగరెట్, బీడీ తాగేవారిలో మరీ ఎక్కువ, ఎందుకంటే పొగ పీల్చే ఊపుకి గడ్డ కదులుతుంది, నికోటిన్ రక్తనాళాలను ముడిచేస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లలోనూ కాస్త ఎక్కువే. స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినా అంతే, పీల్చే పనేదీ వద్దు.

ఇంకో యాంటీబయాటిక్ కొనుక్కుంటే ఇది తగ్గదు. డాక్టరు గుంటను సెలైన్‌తో కడిగి, యూజినాల్ ఉన్న మందు అందులో పెడతారు. చాలామందికి కుర్చీ దిగేలోపే హాయిగా ఉంటుంది. మందును ఒకటి రెండుసార్లు మార్చాల్సి రావచ్చు. లవంగ నూనెలో ఉన్నదీ యూజినాలే, అయినా ఇంట్లో నేరుగా పోస్తే చిగుళ్లు కాలుతాయి.

నోరు రెండు వేళ్ల మేర కూడా తెరుచుకోవట్లేదు

ఇంజెక్షన్, ఆపరేషన్ వల్ల నమిలే కండరాలు బిగుసుకుంటాయి. మూడో రోజు నుంచి గోరువెచ్చని కాపడం పెట్టి, రోజుకు నాలుగైదుసార్లు మెల్లగా తెరిచి మూయండి. వారం పది రోజుల్లో వదులవుతుంది. రోజురోజుకీ ఇంకా బిగుస్తుంటే చీము పట్టిందేమో చూపించుకోవాలి.

తెల్లారినా పెదవి మొద్దుగానే ఉంది

మొద్దుబారడం కొన్ని గంటల్లో దిగిపోవాలి. మర్నాడు కూడా కింది పెదవి, గడ్డం, నాలుక తిమ్మిరిగా ఉంటే, పక్కనే పోయే నరం నలిగి ఉండొచ్చు. చాలావరకు వారాల్లో, నెలల్లో తిరిగొస్తుంది. అయినా డాక్టరుకు అప్పుడే చెప్పి రాయించుకోండి. స్పర్శ వచ్చేదాకా వేడి కాఫీ వద్దు, కాలినా తెలియదు.

నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి

పై దవడ పన్ను తీసినప్పుడు, పైనున్న సైనస్‌కు (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గదికి) దారి తెరుచుకుంటే ఇలా అవుతుంది. ముక్కు చీదకండి, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి, అదే రోజు చూపించుకోండి.

ఏం తినాలి?

పప్పు తింటే చీము పడుతుందంటారు గానీ, పడదు. ప్రొటీన్ లేకపోతే గాయం మానడమే ఆలస్యం. మొదటి రోజు చల్లటి పెరుగన్నం, మజ్జిగ. తర్వాత రాగి జావ, మెత్తగా చిదిమిన పప్పన్నం, ఇడ్లీ. ఆవకాయ, జంతికలు, వేరుశనగలు వారం ఆగాలి. 24 గంటల తర్వాత, తిన్న ప్రతిసారీ గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచండి, విసురుగా పుక్కిలించొద్దు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడొచ్చు. క్లీనింగ్‌తో పోతాయి, భయం లేదు.

ఇంటి దగ్గర ఆగకూడనివి

నాలుగో రోజు తర్వాత వాపు పెరగడం, జ్వరం, చీము ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి. దవడ కింద మెడంతా గట్టిపడి, నాలుక పైకి లేచి, ఉమ్మి కూడా మింగలేక, ఊపిరి ఆడకపోతుంటే డెంటల్ క్లినిక్ తెరిచేదాకా ఎదురుచూడకండి. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి.