కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఎలా ఉందో చెప్పాలంటే ఏమేం చూడాలి

అనంతపురంలో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆటను నేను 1990ల చివరి నుంచి చూస్తున్నాను. చదువుకునే రోజుల్లో నాకు జట్టులో చోటు దొరకలేదు కానీ, సాయంత్రం గ్రౌండు గట్టు మీద కూర్చునే అలవాటు మాత్రం ఆ రోజుల్లోనే పడింది, ఇప్పటికీ పోలేదు. ఏటా ఇంటర్ కాలేజియేట్ పోటీలు దగ్గర పడే వేళకు పాత విద్యార్థులు, కొత్త కుర్రవాళ్లు వచ్చి "ఈసారి మన టీం ఎట్లుందన్నా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు ఒక్క మ్యాచ్ చూసి, అందులోనూ గోల్స్ మాత్రమే చూసి జవాబు చెప్పేవాళ్లే ఎక్కువ. ఆ జవాబు చదువుకుంటూ ఆడుతున్న పంతొమ్మిదేళ్ల పిల్లల చెవిన పడుతుంది కనుక దానిని బాధ్యతతో చెప్పాలన్నది నా గట్టి నమ్మకం. అలా చెప్పాలంటే ఏం చూడాలో, ఎక్కడ నిలబడి చూడాలో, ఏం రాసుకోవాలో నాకు తెలిసినంతలో ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికంటే ముందు జట్టులో ఎవరు ఏ సంవత్సరం చదువుతున్నారో తెలుసుకోవాలి. క్లబ్బు జట్టులో ఒక ఆటగాడు పదేళ్లు ఉండవచ్చు, కానీ కాలేజీ జట్టు మూడేళ్లు తిరిగేసరికి దాదాపు పూర్తిగా మారిపోతుంది. ఏటా మూడో వంతు మంది డిగ్రీ ముగించుకుని వెళ్లిపోతారు, అంతమంది కొత్తవాళ్లు వస్తారు. అందుకని సీజన్ మొదట్లోనే నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి, ప్రతి ఆటగాడి జెర్సీ నంబరు, చదివే సంవత్సరం, ఆడే స్థానం, ఆట నేర్చుకున్న ఊరు రాసుకోవాలి. పదకొండు మందిలో ఏడుగురు మూడో సంవత్సరం వాళ్లయితే ఆ ఏడాది కప్పు గెలిచినా మురిసిపోవడానికి లేదు, ఎందుకంటే వచ్చే ఏడాదికి ఆ జట్టు మిగలదు. ఏడుగురు మొదటి సంవత్సరం వాళ్లై మొదటి రౌండులోనే ఓడిపోయినా ఆ జట్టును తీసిపారేయకూడదు. నా లెక్కలో వెన్నెముక వంటి నాలుగు స్థానాలు, అంటే గోల్‌కీపర్, మధ్య డిఫెండర్, మధ్య మిడ్‌ఫీల్డర్, ముందు నిలిచే ఫార్వర్డ్, ఈ నలుగురూ ఒకే సంవత్సరం వాళ్లు కాకుండా ఉన్న జట్టే ఆరోగ్యమైన జట్టు.

పాత జట్లతో పోల్చేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో ఏర్పడింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు కర్నూలు జిల్లా కాలేజీలు కూడా దాని పరిధిలోనే ఉండేవి, కాబట్టి ఇంటర్ కాలేజియేట్ కప్పు గెలవాలంటే కర్నూలు జట్లను కూడా దాటి రావలసి ఉండేది. 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాక ఆ పోటీ ఈ కప్పులో లేకుండా పోయింది. కాబట్టి ఆనాటి కప్పునూ ఈనాటి కప్పునూ ఒకే తక్కెడలో వేయడం సరికాదు. అయితే "మా రోజుల్లో ఆట వేరు" అని నిట్టూర్చే నా వయసువాళ్లతో కూడా నేను ఏకీభవించను. విసెంటే ఫెర్రర్ 1969లో అనంతపురంలో స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), ఆ తర్వాతి కాలంలో ఆటల మీద కూడా దృష్టి పెట్టి, పల్లెల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ అందుబాటులోకి తెచ్చింది. మేము కాలేజీలో చేరాక బంతిని ఆపడం నేర్చుకున్నాం, ఇప్పుడు చేరేవాళ్లలో పదేళ్ల వయసు నుంచే శిక్షణ పొందినవాళ్లు కనిపిస్తున్నారు. మొదటి స్పర్శలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక నిలబడే చోటు గురించి చెప్పాలి. మనవాళ్లలో ఎక్కువమంది గోల్ వెనుక గుమిగూడతారు. గోల్ పడడం చూడడానికి అది మంచి చోటే కానీ, ఆట చూడడానికి పనికిరాదు, ఎందుకంటే అక్కడి నుంచి ఆటగాళ్ల మధ్య దూరాలు తెలియవు. సగం గీత దగ్గర, గట్టు మీద వీలైనంత ఎత్తులో కూర్చుంటే డిఫెన్స్ వరుసకూ మిడ్‌ఫీల్డ్ వరుసకూ మధ్య ఎంత ఖాళీ ఉందో అరచేతిలో చూసినట్టు కనిపిస్తుంది. ఆఫ్‌సైడ్ మీద, అంటే పాస్ ఇచ్చే క్షణానికే ఆటగాడు ఎదుటి డిఫెన్స్‌ను దాటి ముందు నిలబడ్డాడా లేదా అన్న దాని మీద, రెఫరీని తప్పుపట్టాలనుకునేవారు మాత్రం ఎదుటి జట్టులో గోల్ లైనుకు దగ్గరగా ఉన్నవారిలో రెండో ఆటగాడికి సరిగ్గా సమాన రేఖలో ఉండి చూడాలి. ఆ రేఖకు పది మీటర్లు అటూ ఇటూ జరిగితే కన్ను మోసం చేస్తుంది. ఆ ఆటగాడితో సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదనీ, త్రో నుంచి గానీ గోల్ కిక్ నుంచి గానీ కార్నర్ నుంచి గానీ నేరుగా అందుకున్న బంతికి ఆఫ్‌సైడ్ ఉండదనీ తెలియకుండా అరిచేవాళ్లు ప్రతి మ్యాచ్‌లోనూ ఉంటారు. అసిస్టెంట్ రెఫరీలుగా జెండా పట్టేది చాలాసార్లు వేరే కాలేజీ విద్యార్థులే కాబట్టి, ఆ అరుపులు వాళ్లను ఎంత బెదరగొడతాయో ఒకసారి ఆలోచించాలి.

మ్యాచ్‌కు అరగంట ముందే వెళ్లి గ్రౌండు చుట్టూ ఒకసారి నడవాలని నేను అందరికీ చెబుతాను. మా గ్రౌండు గడ్డి లేని గరుగు నేల. బంతి పచ్చిక మీద జారినట్టు ఇక్కడ జారదు, మోకాలి ఎత్తున ఎగిరి పక్కకు తిరుగుతుంది. దానికి తోడు బంతిలో గాలి ఎక్కువ కొడితే ఇక దానిని ఆపడం ఎవరి తరమూ కాదు. నిబంధనల ప్రకారం బంతి లోపలి పీడనం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఎంతైనా ఉండవచ్చు, గట్టి నేల మీద తక్కువ వైపు ఉంచడమే మేలని నా అనుభవం. ఒక ఏడాది మా గ్రౌండులో ఒక సభ జరిగింది. షామియానా కట్టినవాళ్లు గుంజలు పీకి గుంతలు పూడ్చకుండానే వెళ్లిపోయారు, పూడ్పించవలసినవాళ్లూ పట్టించుకోలేదు. మూడు రోజుల తర్వాత మా వింగర్, అంటే కుడి అంచున ముందుకు దూసుకెళ్లే ఆటగాడి, కాలు ఆ గుంతలో పడి చీలమండ వాచిపోయింది, ఆ సీజన్ అంతా అతను గట్టు మీదే మాతోపాటు కూర్చున్నాడు. అప్పటి నుంచి నేను చిన్న పారతో పోయి కనబడిన గుంతనల్లా పూడ్చి, కాలితో తొక్కి గట్టిపరచి, ఆ తర్వాతే నోట్‌బుక్ తెరుస్తాను. జట్టును అభిమానించేవాడు చేయగలిగిన పనుల్లో ఇంతకంటే ఉపయోగమైనది నాకు తెలియదు.

ఎండనూ గాలినీ రాసుకోకుండా గోల్‌కీపర్ గురించి ఒక్క మాట కూడా రాయకూడదు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న విషయం. మా గ్రౌండు తూర్పు పడమరలుగా ఉంది. ఒక మ్యాచ్‌లో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో, దూరం నుంచి ఎత్తుగా వచ్చిన బంతి మా కీపర్ తల మీదుగా పోయి గోల్‌లో పడింది. అతను చేతులైనా ఎత్తలేదు. ఆట ముగిశాక అతని స్నేహితుల ముందే నేను "నిద్రపోతున్నావా?" అని గట్టిగా అనేశాను. మరునాడు అదే వేళకు ఎందుకో వెళ్లి తూర్పు గోల్‌లో నిలబడి చూశాను. ఎదురుగా సూర్యుడు పడమటి వేపచెట్ల తలల మీద ఉన్నాడు, సగం గీత దాటిన తర్వాత నాకు ఏమీ కనిపించలేదు. కుర్రవాళ్లను పిలిచి ఒక బంతి ఎత్తుగా కొట్టమన్నాను, అది నేల మీద పడిన చప్పుడు వినిపించాకే ఎక్కడుందో తెలిసింది. ఆ కీపర్ దగ్గరికి వెళ్లి నా మాట తప్పని అందరి ముందే చెప్పాను. అప్పటి నుంచి టాస్ గెలిచినప్పుడు రెండో అర్ధభాగంలో పడమటి గోల్ మనకు వచ్చేలా చూసుకొమ్మని కెప్టెన్లకు చెబుతూ ఉన్నాను. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే పడమటి గాలి కూడా ఇలాంటిదే. రామగిరి ప్రాంతంలో గాలిమరలను తిప్పే ఆ గాలికి ఎదురుగా కొట్టిన గోల్ కిక్ సగం గీత కూడా చేరదు, దానికి కీపర్ కాలిలో బలం లేదని రాసుకుంటే అన్యాయమే అవుతుంది.

ఆట మొదలయ్యాక మొదటి పదిహేను నిమిషాలు బంతిని చూడకుండా ఉండటం అభ్యాసం చేయాలి. ఇది కష్టమే కానీ, సాధ్యమే. ఒక ఆటగాడిని, నా సలహా అయితే ఎడమ బ్యాక్‌ను, అంటే ఎడమ అంచున ఆడే డిఫెండర్‌ను ఎంచుకుని, బంతి ఎక్కడున్నా అతనినే చూడాలి. బంతి కుడి వైపు ఉన్నప్పుడు అతను గీత దగ్గరే నిలబడి ఉన్నాడా, లోపలికి జరిగి మధ్య డిఫెండర్‌కు తోడు వచ్చాడా? మెడ తిప్పి వెనక ఎవరున్నారో ఎన్నిసార్లు చూసుకున్నాడు? మొన్నటి సీజన్‌లో ఒక మొదటి సంవత్సరం అబ్బాయిని ఇలా చూశాను. పదిహేను నిమిషాల్లో అతని కాలికి బంతి నాలుగుసార్లే తగిలింది, కానీ పదకొండుసార్లు లోపలికి జరిగాడు, దాదాపు ప్రతిసారీ జరిగే ముందు కుడి భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఒక్కసారి చూడకుండా జరిగాడు, ఆ ఒక్కసారే అతని వెనక నుంచి ఎదుటి వింగర్ దూరాడు. గట్టు మీద ఉన్నవాళ్లలో ఎవరికీ ఆ అబ్బాయి ఆడినట్టే అనిపించలేదు. నేను మాత్రం నోట్‌బుక్‌లో అతని నంబరు కింద రెండు గీతలు గీసుకున్నాను.

రెండో కాలు గురించి కూడా తప్పకుండా రాసుకోవాలి. భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడు, ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చినవాడు. ఆటగాళ్లు బలహీనమైన కాలిని కూడా వాడేలా ఆయన ప్రత్యేకంగా సాధన చేయించేవారు. మన తెలుగు నేల మీదే పుట్టిన ఆ పద్ధతిని మన కాలేజీ జట్లు మరచిపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఎడమ కాలికి వచ్చిన బంతిని కుడి కాలికి మార్చుకోవడానికి ఒక అడుగు ఎక్కువ వేసే ఆటగాడికి, ఆ ఒక్క అడుగు వ్యవధిలోనే ఎదుటివాడు మీదికి వచ్చేస్తాడు. ఒక మ్యాచ్‌లో ఎవరెవరు ఎన్నిసార్లు అలా మార్చుకున్నారో లెక్క పెడితే జట్టు సాధన ఎలా సాగుతోందో ఎవరినీ అడగకుండానే తెలిసిపోతుంది.

ఎత్తుగా, దూరంగా కొట్టే ఆటను మన గట్టు మీద చప్పట్లతో మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోను. గరుగు నేల మీద ఎత్తు నుంచి పడిన బంతి ఎటు లేస్తుందో కొట్టినవాడికీ తెలియదు, అందుకోవలసినవాడికీ తెలియదు. పది, పన్నెండు మీటర్ల దూరంలో, నేలబారుగా, నడుస్తున్నవాడి ముందుకు ఇచ్చే పాసే ఇక్కడ నమ్మదగినది. దానికి కావలసిన ఓపిక మన పిల్లల దగ్గర ఉంది, లేనిది చూసేవాళ్ల దగ్గరే. డిఫెండర్ బంతిని కీపర్‌కు వెనక్కి ఇవ్వగానే "వెనక్కెందుకు?" అని అరిచేవాళ్ల వల్ల, ఆ డిఫెండర్ మరోసారి భయపడి బంతిని గాల్లోకి కొట్టేస్తాడు.

కొత్త నిబంధనలను కూడా తెలుసుకుంటూ ఉండాలి. 2025 జూలై నుంచి కీపర్ బంతిని చేతుల్లో 8 సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తారు. రెఫరీ చివరి ఐదు సెకన్లను చెయ్యెత్తి వేళ్లతో చూపిస్తాడు. ఈ సంగతి తెలియక రెఫరీతో తగవుకు దిగడం మన జట్టుకే చేటు.

పీడీ సార్ (కాలేజీలో ఆటలు చూసుకునే ఫిజికల్ డైరెక్టర్) మీద అభిప్రాయం చెప్పేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. చాలా కాలేజీల్లో కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్, క్రికెట్, ఫుట్‌బాల్ అన్నిటికీ ఒకే ఒక్క పీడీ ఉంటారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు మన ఊళ్లో ఆర్డీటీ మైదానంలో జరిగినప్పుడు జనం ఎగబడి వెళ్లారు. మా కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వంద మంది వస్తే ఎక్కువ. ఏ ఆటకు ఎంతమంది వస్తారో కాలేజీ కూడా గమనిస్తుంది, సామానూ సమయమూ దానిని బట్టే పంచుతుంది. కాబట్టి విమర్శ చేసేవారు సెలెక్షన్ ట్రయల్స్ అందరికీ తెలిసేలా నోటీసు బోర్డులో పెట్టారా లేదా, సిఫార్సుతో ఎవరినైనా తీసుకున్నారా, సాధన వారానికి ఎన్ని రోజులు జరిగింది అన్న మూడు ప్రశ్నలకు పరిమితమైతే చాలు. మ్యాచ్‌లో ఎవరిని మార్చాలి, ఎప్పుడు మార్చాలి అన్నది ఆయనకు వదిలేయాలి, ఎవరికి జ్వరం వచ్చి తగ్గిందో, ఎవరికి మరునాడు పరీక్ష ఉందో ఆయనకే తెలుస్తుంది. అమ్మాయిల జట్టు ఉన్న కాలేజీలో వాళ్ల మ్యాచ్‌లకు కూడా అదే నోట్‌బుక్‌తో, అదే శ్రద్ధతో వెళ్లాలి. నేలబారు పాస్‌లు ఎలా ఉండాలో చూడాలనుకునేవారికి ఆ మ్యాచ్‌లే ముందు చూడదగినవి.

ఆట ముగిసిన రాత్రే ఇంటికి వచ్చి, జ్ఞాపకం చెదరకముందే ఒక పేజీ రాయాలి. ముందు గాలి, ఎండ, నేల ఎలా ఉన్నాయో, తర్వాత ఎవరి మీద ఏం గమనించామో, చివర స్కోరు రాయాలి. స్కోరు మొదట రాస్తే మిగతాదంతా దానికి తగ్గట్టే సాగిపోతుందని ఇన్నేళ్లలో తెలిసింది. సీజన్ ముగిశాక ఆ పేజీల్లో రెండో సంవత్సరం, మొదటి సంవత్సరం పిల్లలకు సంబంధించినవి విడిగా తిరగరాసి, జూన్‌లో కాలేజీ తెరవగానే పీడీ సార్‌కు ఇచ్చి వస్తాను. గత ఏడాది ఆ కాగితాల్లో రెండు గీతలు గీసిన ఎడమ బ్యాక్ నంబరు అన్నిటికంటే పైన ఉంది.