ఆరోగ్య విపత్తు వేళ సలహాలు, ఉత్తర్వులు: రెండో వాక్యాన్ని కొట్టేయకండి

లాక్‌డౌన్ ఒక వారం ముందే విధించి ఉంటే తొలి ఉద్ధృతిలో ఒక్క ఇంగ్లాండులోనే సుమారు 23,000 మరణాలు తగ్గేవన్న అంచనాను బ్రిటన్ కోవిడ్ విచారణ సంఘం 2025 నవంబరులో వెలువరించిన నివేదికలో ప్రస్తావించింది. ఆ అంకె అందరి కంటా పడింది. అదే సంఘం 2024 జూలైలో ఇచ్చిన తొలి నివేదికలో చెప్పిన సంగతి అంతగా చర్చకు రాలేదు: సలహాదారులకు భిన్నాభిప్రాయం చెప్పే స్వేచ్ఛ చాలలేదు, మంత్రులు వారిని గట్టిగా ప్రశ్నించలేదు, అందరి ఆలోచనా ఒకే గాడిలో పడింది. రాబోయే విపత్తులో కమిటీల్లో కూర్చునే నిపుణులూ, వారి సలహా మీద ఉత్తర్వులు రాసే అధికారులూ ముందుగా చదవవలసింది ఆ పుటలనే. మందుల నిల్వలు, హెల్ప్‌లైన్లు, వదంతుల ఖండన వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను.

ఇలాంటి సందర్భాల్లో మళ్లీ మళ్లీ కనిపించే తప్పు ఒకటుంది. సలహాలోని మొదటి వాక్యం ‘ప్రమాదం తక్కువ’ అంటుంది. రెండో వాక్యం ‘మా అంచనా తప్పితే నష్టం తీవ్రం’ అంటుంది. నాలుగు పేజీల నోట్ ఒక పేజీ సారాంశమై, ఆ సారాంశం మూడు వరుసల ప్రెస్ నోట్ అయ్యేసరికి మొదటి వాక్యమే మిగులుతుంది. ఇందులో కుట్ర ఉండనక్కరలేదు. చోటు చాలదనో, జనం కంగారు పడతారనో ఎవరో కలం పెట్టి కొట్టేస్తారు.

బ్రిటన్‌లో పశువుల మెదడును దెబ్బతీసిన పిచ్చి ఆవు వ్యాధి విషయంలో జరిగింది అచ్చంగా ఇదే. 1989లో రిచర్డ్ సౌత్‌వుడ్ నేతృత్వంలోని నిపుణుల కమిటీ ఆ వ్యాధి మనుషులకు సోకే అవకాశం చాలా తక్కువని చెబుతూనే, తమ అంచనా తప్పితే పర్యవసానాలు అత్యంత తీవ్రంగా ఉంటాయని కూడా రాసింది. ప్రభుత్వం మొదటి మాటనే పదేపదే వల్లించింది. 1990లో వ్యవసాయ మంత్రి కెమెరాల ముందు తన చిన్న కూతురికి బర్గర్ తినిపించబోయాడు. 1996 మార్చి 20న ఆరోగ్య మంత్రి పార్లమెంటులో లేచి, మనుషుల్లో బయటపడిన కొత్త మెదడు వ్యాధికి దీనితో సంబంధం ఉండి ఉండవచ్చని ఒప్పుకోవలసి వచ్చింది. ప్రజలకు అభయమిస్తూ పోవడమే పొరపాటని ఈ వ్యవహారంపై జరిగిన ఫిలిప్స్ విచారణ 2000లో తేల్చింది. కమిటీ అంచనా తప్పడం పెద్ద తప్పు కాదు. అంచనాను రుజువైన సత్యంగా చలామణీ చేయడమే అసలు తప్పు.

కమిటీలో కూర్చునేవారికి

‘బలమైన అవకాశం’ వంటి మాటలతో సరిపెట్టకండి. నూటికి రెండా, నూటికి ఇరవయ్యా అన్నది అంకెలో రాయండి, ఎందుకంటే ఒకే మాటను పదిమంది పది రకాలుగా అర్థం చేసుకుంటారు. వేర్వేరు నిర్ణయాలను విడదీసి రాయండి. 1976లో అమెరికాలోని ఫోర్ట్ డిక్స్ శిబిరంలో స్వైన్ ఫ్లూతో ఒక సైనికుడు చనిపోయాక, మార్చి 24న అధ్యక్షుడు ఫోర్డ్, పోలియో టీకాలు కనిపెట్టిన జోనస్ సాల్క్, ఆల్బర్ట్ సేబిన్‌ల సమక్షంలో దేశమంతటికీ టీకా వేస్తామని ప్రకటించాడు. ఆ ఫ్లూ శిబిరం దాటి విస్తరించలేదు. సుమారు 4 కోట్లమందికి పైగా టీకా పడ్డాక, నరాలను దెబ్బతీసే గీయాన్-బారే సిండ్రోమ్ కేసులు కనిపించడంతో డిసెంబరులో కార్యక్రమం ఆగిపోయింది. టీకా తయారుచేసి నిల్వ ఉంచడం ఒక నిర్ణయం, అందరికీ వేయడం మరొకటి. రెండింటినీ ఒకే ముడి వేశారు. ఏ సమాచారం వస్తే ముందుకు వెళ్లాలో, ఏది వస్తే ఆగాలో నోట్‌లోనే రాసి ఉంచండి.

అసమ్మతిని సమావేశపు మినిట్స్‌లోకి ఎక్కించండి. ‘సభ్యులు చర్చించారు’ అన్న వాక్యం కింద దాన్ని పూడ్చిపెట్టనివ్వకండి.

ఉత్తర్వు రాసేవారికి

సరుకు కొరతను శాస్త్రం పేరుతో కప్పకండి. 2020 ఫిబ్రవరి 29న అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రతినిధి అయిన సర్జన్ జనరల్ మాస్కులు కొనవద్దని, సామాన్యులకు అవి ఉపయోగపడవని ట్వీట్ చేశాడు; వైద్య సిబ్బందికి చాలకపోతే అందరికీ ప్రమాదమన్న మాట కూడా అందులోనే ఉంది. ఏప్రిల్ 3న ప్రభుత్వమే వస్త్రపు మాస్కులు ధరించమని సిఫారసు చేసింది. ‘నిల్వ తక్కువ, ముందు వైద్యులకు ఇద్దాం’ అని మాత్రమే చెప్పి ఉంటే మాట మార్చవలసిన అవసరం వచ్చేది కాదు.

‘శాస్త్రం చెప్పినట్టే చేస్తున్నాం’ అనకండి. వ్యాప్తి ఎంత వేగంగా ఉందో శాస్త్రం చెప్పగలదు. బడి మూయాలా, సంత మూయాలా అన్నది ఎవరి నష్టాన్ని ఎంతగా లెక్కిస్తామన్న ప్రశ్న, దానికి సంతకం చేసినవారే జవాబుదారులు.

ఇక మిగిలినవి వరుసగా. సభ్యుల పేర్లు మొదటి రోజే ప్రకటించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 ఫ్లూ అత్యవసర కమిటీ పేర్లను 2010 ఆగస్టు దాకా దాచి, లేనిపోని అనుమానాలు కొనితెచ్చుకుంది. కంపెనీలతో సంబంధాలను రాతపూర్వకంగా తీసుకోండి. ప్రతి ఉత్తర్వు మీదా పునఃసమీక్ష తేదీ వేయండి. మంత్రి గదిలో ఒక మాట, విలేఖరుల ముందు మరో మాట చెప్పే నిపుణుణ్ణి కమిటీలో ఉంచకండి. ప్రెస్ నోట్‌ను విడుదలకు ముందు సలహా రాసినవారి చేత చదివించండి, రెండో వాక్యం ఉందో లేదో చూడమనండి. లేకపోతే వెనక్కి పంపండి. సమయం లేదన్నా పంపండి. పై నుంచి ఫోన్ వచ్చినా పంపండి.