పాత ల్యాప్‌టాప్‌ మీద ఇంకా డబ్బు పెట్టొచ్చా?

పార్టులు కొనకముందే ఒక లెక్క వేసుకోండి. ల్యాప్‌టాప్‌ను ఉన్నదున్నట్టు అమ్మితే ఎంతొస్తుంది, పార్టులకు ఎంతవుతుంది? రెండూ కలిపితే 8వ జనరేషన్ ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న సెకండ్ హ్యాండ్ మెషీన్ వచ్చేటట్టుంటే అప్‌గ్రేడ్ దండగ. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా ముందు ఆ ధర కనుక్కోండి.

8వ జనరేషనే ఎందుకంటే, ఇంటెల్‌లో విండోస్ 11కు అధికారిక సపోర్ట్ దాదాపు అక్కణ్నుంచే మొదలవుతుంది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పైగా ఐ5-6300యూలో కోర్లు రెండే, ఐ5-8250యూలో నాలుగు. పేరు చివర 'యూ' ఉన్న ఈ రకం (యూ సిరీస్) ప్రాసెసర్ బోర్డుకే సాల్డర్ అయి ఉంటుంది కాబట్టి తర్వాత మార్చుకోలేరు.

తప్పు ఎక్కడుందో విండోస్‌లోని టాస్క్ మేనేజర్ చెబుతుంది. రోజూ చేసే పనంతా తెరిచి పెట్టి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర ఉండి సీపీయూ (ప్రాసెసర్) ఖాళీగా ఉంటే హార్డ్ డిస్కే అడ్డం. మెమరీ 85 శాతం దాటి కదలకపోతే ర్యామ్ చాలట్లేదు. సీపీయూనే 100 కొడుతుంటే ఏ పార్టూ కాపాడదు. అయితే ఆ మాట అనుకునే ముందు అక్కడే సీపీయూ స్పీడ్ అంకె చూడండి. పని నడుస్తుండగా అది 1 గిగాహెర్ట్జ్ లోపలికి పడిపోతోందంటే చాలావరకు ప్రాసెసర్ వేడెక్కి తగ్గుతోందన్నమాట. అప్పుడు ఫ్యాన్ దుమ్ము తీయించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్పిస్తే సరిపోవచ్చు. డెల్‌లో అయితే చార్జర్‌ను మెషీన్ గుర్తుపట్టకపోయినా ఇలాగే జరుగుతుంది.

హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌కు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డ్రైవ్) వేయడం దాదాపు ఎప్పుడూ లాభమే. రేపు ల్యాప్‌టాప్ పోయినా ఎస్‌ఎస్‌డీ మీ దగ్గరే ఉంటుంది, యూఎస్‌బీ కేస్‌లో పెట్టి వాడుకోవచ్చు. ఆఫీసు పనికి 256 జీబీ చాలు. ఎమ్‌.2 రకం (సన్నని స్టిక్‌లా ఉండే ఎస్‌ఎస్‌డీ) కొనేటప్పుడు జాగ్రత్త: సాటా (పాత, నెమ్మది రకం కనెక్షన్) మాత్రమే ఉన్న స్లాట్‌లో ఎన్‌వీఎమ్‌ఈ (వేగమైన రకం) పెడితే మెషీన్ దాన్ని గుర్తించదు. స్టిక్ అంచున రెండు గాట్లుంటే ఎక్కువగా సాటా, ఒక్కటుంటే ఎక్కువగా ఎన్‌వీఎమ్‌ఈ. గాట్లను మాత్రమే నమ్మకుండా లేబుల్, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ కూడా చూడండి.

ర్యామ్ విషయంలో తొందర వద్దు. 2025 చివరి నుంచి ధరలు బాగా పెరిగాయి, పాత రకమైన డీడీఆర్4తో సహా. పెంచే వీలు మోడల్‌ను బట్టి ఉంటుంది. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480లో రెండు ర్యామ్ స్లాట్లుంటాయి. టీ480ఎస్‌లో కొంత ర్యామ్ బోర్డు మీదే ఉంటుంది, స్లాట్ ఒక్కటే. ఎక్స్1 కార్బన్‌లో పెంచే వీలే లేదు. 4వ జనరేషన్ యూ సిరీస్‌కు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ ర్యామ్ కావాలి, 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పెడితే బీప్ కొట్టి ఆగిపోవచ్చు. ఈ స్టిక్‌లు కొత్త మెషీన్‌లోకి పనికిరావు కాబట్టి వాటి మీద పెద్ద మొత్తం పెట్టకండి. అలాంటి మెషీన్‌లో 8 జీబీ ఇప్పటికే ఉంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి వాడుకోవడం మేలు. పాత స్టిక్ కొంటే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వాపసు ఇచ్చేయండి.

బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్‌లో 'powercfg /batteryreport' కొట్టి, వచ్చిన రిపోర్ట్‌లో, డిజైన్ కెపాసిటీకీ ఫుల్ చార్జ్ కెపాసిటీకీ తేడా చూడండి. సగానికి తగ్గితే మార్పు ఖర్చు పై లెక్కలో కలపాలి. టచ్‌ప్యాడ్ పైకి లేచి క్లిక్ బిగుసుకుపోయిందంటే బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానించండి. ఆ మెషీన్ వాడకం వెంటనే ఆపి, తీయించాలి.

హింజ్ (స్క్రీన్ మడత) దగ్గర బాడీ విరిగినా, బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) పాస్‌వర్డ్ తెలియకపోయినా రూపాయి పెట్టకండి. కంపెనీల నుంచి వచ్చిన మెషీన్‌లో మరో చిక్కుంది. విండోస్ కొత్తగా వేసి ఇంటర్నెట్‌కు కలపగానే కంపెనీ అకౌంట్ అడిగితే, అది ఇంకా ఆ కంపెనీ జాబితాలోనే ఉందన్నమాట. అమ్మినవాళ్లకే తిరిగిచ్చేయండి. అందుకే ఈ పరీక్ష కొన్న మొదటి వారంలోనే, పార్టులు తేకముందే చేయాలి.

పాత డ్రైవ్ తీసే ముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ రాసి పెట్టుకోండి. బయోస్‌లో ఇంటర్నల్ బ్యాటరీ ఆపే ఆప్షన్ ఉంటే అది నొక్కాకే స్క్రూలు విప్పండి.