నెత్తిమీద మానని పక్కులు: ఎరోసివ్ పుస్ట్యులర్ డెర్మటోసిస్‌కు చికిత్స ఎలా?

బట్టతల మీద పసుపుపచ్చటి పక్కులు కట్టి, కింద రసి కారుతూ, యాంటీబయాటిక్ మాత్రలు ఎన్ని మింగినా మానకపోతే ఈ జబ్బును అనుమానించాలి. అరుదైనదే. ఏళ్ల తరబడి ఎండకు దెబ్బతిన్న వృద్ధుల చర్మం మీద ఏదో గాయమో, ఆపరేషనో, క్రయోథెరపీయో (అతిచలితో చర్మాన్ని గడ్డకట్టించే చికిత్స) జరిగాక మొదలవుతుంది. చీము కనిపించినా అసలు కారణం క్రిములు కాదు, చర్మంలో రేగిన ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట). యాంటీబయాటిక్ ఒక్కదానితో లొంగనిది అందుకే.

1. ముందు బయాప్సీ, అంటే చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించడం. దీన్ని దాటవేయకండి. స్క్వామస్ సెల్ క్యాన్సర్ (ఒక రకం చర్మ క్యాన్సర్) కూడా అచ్చం ఇలాగే కనిపించగలదు. ఈ జబ్బును తేల్చే ప్రత్యేక పరీక్ష లేదు. మిగతావి కావని తేల్చుకోవడమే దారి. రసి పరీక్షలో స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వచ్చినంత మాత్రాన అదే మూలమనుకోకూడదు, పుండు మీద అది తరచూ చేరుతుంది.

2. పక్కులు నానబెట్టండి. మందు పక్కు మీద రాస్తే కింది పుండుకు చేరదు. రాత్రి వాసెలిన్ మందంగా రాసి, పొద్దున మందుల షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో (శుభ్రమైన ఉప్పునీరు) తడిపిన గాజుగుడ్డ 10–15 నిమిషాలు ఉంచండి. వదులైనవే తీయండి. గోటితో గిల్లితే ఆ గాయమే జబ్బును మళ్లీ రేపుతుంది.

3. డాక్టరు రాస్తే క్లోబెటసాల్ 0.05% ఆయింట్‌మెంట్ (చాలా బలమైన స్టెరాయిడ్), సాధారణంగా రోజుకు రెండుసార్లు, కొన్ని వారాలు. చూపుడు వేలి మొదటి గీత వరకు పిండితే సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఆల్కహాల్ ఉన్న లోషన్ అయితే పచ్చిపుండు మీద విపరీతంగా మంట పెడుతుంది. మానగానే ఒక్కసారిగా ఆపితే తిరగబెట్టవచ్చు కాబట్టి రోజు విడిచి రోజుకు తగ్గించాలి. అలాగని నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీ ఫంగల్ మూడూ కలిపిన షాపు క్రీములు అసలు వద్దు.

4. ఆపై టాక్రోలిమస్ 0.1% (స్టెరాయిడ్ కాని పైపూత మందు). ఇది చర్మాన్ని పలచబరచదు. మొదటి రోజుల్లో మంట మామూలే. లొంగకపోతే డాప్సోన్ జెల్, డాక్సీసైక్లిన్ ఉన్నాయి. డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్కే అయినా ఇక్కడ వాడేది ఇన్‌ఫ్లమేషన్ తగ్గించడానికి.

5. వెడల్పు అంచు టోపీ పెట్టుకోండి, బిగుతుగా కాదు. మానాక సన్‌స్క్రీన్. తలనీలాల మొక్కు ఉంటే వాయిదా వేయండి, కత్తి గాటు చాలు.

మచ్చకట్టిన చోట జుట్టు తిరిగి రాదు. గట్టి గడ్డ తేలినా, అంచు ఉబ్బినా, రక్తం కారినా మళ్లీ బయాప్సీ అడగండి.