దెబ్బ తగిలి ఇల్లు వదిలిన పిల్లిని వెతికి పట్టుకోవడం ఎలా?

దెబ్బ తగిలిన పిల్లి సాధారణంగా దూరం పోదు. బండి గుద్దినా, బాల్కనీ నుంచి పడినా చాలాసార్లు నాలుగైదు ఇళ్ల లోపే ఏదో సందులో దూరి కిక్కురుమనకుండా పడి ఉంటుంది. చప్పుడు చేస్తే కుక్కల కంట పడతానని దాని భయం. పేరు పెట్టి అరుస్తూ వీధులన్నీ తిరిగితే ఇంకా లోపలికి ముడుచుకుంటుంది. వంగి, మోకాళ్ల మీద కూర్చుని వెతకాలి.

మెట్ల కింద, సంపు పక్కన, కార్ల బానెట్లలో, కాలువ పలకల కింద, రెండు ప్రహరీల మధ్య ఇరుకులో చూడండి. రాత్రి 11 దాటి వీధి సద్దుమణిగాక వెతకడం మేలు. టార్చిని కంటి పక్కనే పట్టుకుని నేలబారుగా వెలుతురు వేయండి. పిల్లి కళ్ల మీద పడ్డ కాంతి వచ్చిన దారినే వెనక్కి వస్తుంది కాబట్టి, టార్చి నడుము దగ్గర పట్టుకుంటే ఆ పచ్చటి మెరుపు మీకు సరిగా కనబడదు.

కనబడగానే చెయ్యి చాపకండి. విరిగిన కాలితోనైనా పరుగు తీస్తుంది, ఆ తర్వాత దొరకడం కష్టం. పక్కకు తిరిగి కూర్చుని, ఉడికించిన చేప ముక్క కొంచెం దూరంలో పెట్టండి. వాసనకే సుమా, డాక్టరు మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి కడుపు నిండా పెట్టొద్దు. దగ్గరికొచ్చాక మందపాటి తువ్వాలు తలతో సహా కప్పి, ఒళ్లు మెలిపడకుండా గట్టి అట్ట మీదికి జరిపి, గాలి రంధ్రాలున్న పెట్టెలో పెట్టండి. మెడ పట్టి ఎత్తకండి, వెన్ను విరిగి ఉండొచ్చు.

రక్తం కారుతుంటే శుభ్రమైన నూలుగుడ్డతో 5 నిమిషాలు ఒత్తిపట్టండి, మధ్యలో తీసి చూడకండి. నొప్పికి పారాసెటమాల్ ఎప్పుడూ వేయకండి. ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు. గాయానికి డెట్టాల్ వద్దు. పురుగు పడితే పశువులకు వాడే టర్పెంటైన్ అసలే పోయకూడదు, నాకినా ఒంటికి పట్టినా విషమే.

నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నా, కదలకుండా పడుకుని నిమిషానికి 40కి మించి ఊపిరి తీస్తున్నా తెల్లవారేదాకా ఆగొద్దు. మిమ్మల్ని కరిస్తే సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా గురించి ఆసుపత్రిలో అడగండి.

పశువుల ఆసుపత్రికి వెళ్లేదాకా పిల్లిని చీకటి గదిలో ఉంచి, గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ఒక పక్కనే పెట్టండి, వేడి ఎక్కువైతే అది రెండో పక్కకు జరగాలి. మూత్రం ఎప్పుడు పోసిందో రాసుకోండి. పడిపోయిన పిల్లికి మూత్రసంచి పగిలి ఉండొచ్చు, పైకి గాయమేమీ కనబడదు.