హిందీ సినిమా వసూళ్లు చదవడం – 4వ పాఠం: గ్రాస్, నెట్, షేర్

టికెట్ల మీద పన్నుతో సహా వచ్చిన మొత్తం గ్రాస్, అందులోంచి పన్ను పోగా మిగిలేది నెట్. గ్రాస్ 236 కోట్లయితే నెట్ ఎంత? పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క ఇదొక్కటే. జవాబు 200 కోట్లు. చాలామందికి మాత్రం 193.52 వచ్చింది. ఈసారి షేర్‌తోనే, అంటే డిస్ట్రిబ్యూటర్ చేతికి మిగిలేదాంతోనే మొదలుపెట్టాలి గానీ, ఈ ముడి విప్పకుండా ముందుకెళ్తే లాభం లేదు. షారుఖ్ గొప్పా, సల్మాన్ గొప్పా అన్న వాదనలో మీరు చెప్పే ప్రతి అంకె దగ్గరా అవతలివాళ్లు మిమ్మల్ని పట్టుకుంటారు.

193.52 వచ్చినవాళ్లు టికెట్టు మీద జీఎస్టీ 18 శాతం కదా అని 236లోంచి 18 శాతం తీసేశారు. అలా తీయకూడదు. జీఎస్టీని పన్ను కలపకముందు ధర మీద వేస్తారు, కలిపిన ధర మీద కాదు. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో 295 రూపాయల టికెట్ తీసుకోండి. అసలు ధర 250. దాని మీద 18 శాతం అంటే 45. అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది, చెరి 22.50. మొత్తం 295. ఇప్పుడు మీ పద్ధతిలో 295లోంచి 18 శాతం తీయండి: 53.10 పోయి 241.90 మిగులుతుంది. హాలువాడు 250కి అమ్మిన సీటుకు మీరు 241.90 లెక్క రాశారన్నమాట. ఒక్కో టికెట్టు మీద 8 రూపాయల 10 పైసలు గాల్లో కలిసిపోయాయి.

కాబట్టి తీసివేత వద్దు, భాగహారం చేయండి. గ్రాస్‌ను 1.18తో భాగిస్తే నెట్. నెట్‌ను 1.18తో హెచ్చిస్తే గ్రాస్. 59కి 50, 118కి 100, 354కి 300, 590కి 500. ఈ నాలుగు జతలూ కంఠతా పట్టండి, మిగతావి వాటి పక్కనే ఉంటాయి. నోటి లెక్కకు నేను వాడే అడ్డదారి ఇంకోటుంది: గ్రాస్‌లోంచి 15 శాతం తీసేయడం. 236కి 200.6 వస్తుంది, మాటల్లో చెప్పుకోవడానికి ఇది చాలు. రాతలో మాత్రం 1.18తోనే భాగించండి.

చిన్న తేడాయే కదా అనుకోవద్దు. 590 కోట్ల గ్రాస్‌ను తప్పు పద్ధతిలో చేస్తే 483.8 వస్తుంది. నిజానికి 500 కోట్ల నెట్ అందుకున్న సినిమాను మీ చేత్తో మీరే క్లబ్బులోంచి బయటికి పంపినట్టు. హిందీలో వంద కోట్ల క్లబ్బు, రెండొందల క్లబ్బు అనే మాటలన్నీ దేశంలో వచ్చిన నెట్ మీదే నడుస్తాయి. 2008లో వచ్చిన గజిని మొదటి వంద, 2009లో వచ్చిన 3 ఇడియట్స్ మొదటి రెండు వందలు, 2014లో వచ్చిన పీకే మొదటి మూడు వందలు. మూడూ ఆమిర్ ఖాన్‌వే, మూడూ డిసెంబరు విడుదలలే. సెలవుల కాలాన్ని అంత తెలివిగా వాడుకున్న స్టార్ ఇంకొకరు లేరని నా గట్టి నమ్మకం.

1.18 అన్ని కాలాలకూ పనికిరాదు. 2019 జనవరి 1 నుంచి అమ్మిన, వంద రూపాయలు దాటిన టికెట్లకే అది. 2017 జులై నుంచి 2018 డిసెంబరు దాకా వంద రూపాయలు దాటిన టికెట్టుకు 28 శాతం ఉండేది కాబట్టి 1.28తో భాగించాలి. టైగర్ జిందా హై, పద్మావత్, సంజు ఈ గదిలోకే వస్తాయి. అంతకు ముందు జీఎస్టీయే లేదు. వినోదపు పన్ను రాష్ట్రానికో రకంగా ఉండేది, మహారాష్ట్రలో 45 శాతం దాకా వేసేవాళ్లు. పైగా దంగల్ లాంటి సినిమాకు హర్యానా, ఉత్తరప్రదేశ్ పన్ను మినహాయింపు ఇచ్చాయి. ఆ కాలపు సినిమాలకు ఏ ఒక్క అంకెతో భాగించినా తప్పే. వాటి నెట్‌ను నెట్‌తోనే పోల్చండి, గ్రాస్ జోలికి పోకండి.

ఇప్పుడు ఏదైనా రాష్ట్రం టాక్స్ ఫ్రీ అని ప్రకటించిందంటే మొత్తం పన్ను పోయినట్టు కాదు. వదులుకునేది రాష్ట్రం వాటా 9 శాతమే, కేంద్రం 9 అలాగే ఉంటుంది. ఆ రాష్ట్రం లెక్కకు 1.09. వంద రూపాయలు మించని టికెట్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే, అంతకు ముందు 12. నేషనల్ సినిమా డే నాడు 99 రూపాయల టికెట్టుతో హాళ్లు నిండినప్పుడు ఇది గుర్తుంచుకోండి. తమిళనాడులో స్థానిక సంస్థల పన్ను అదనం.

ప్రపంచవ్యాప్త వసూళ్ల పోస్టర్ దగ్గర మరో పొరపాటు జరుగుతోంది. నిర్మాణ సంస్థ 454 కోట్ల వరల్డ్‌వైడ్ గ్రాస్ అని వేస్తుంది. ఇండియా నెట్ 300 అని మీకు తెలుసు. 454లోంచి 300 తీసి ఓవర్సీస్, అంటే విదేశాల వసూళ్లు, 154 అనేస్తారు. ముందు 300ను గ్రాస్ చేయండి: 354. ఓవర్సీస్ వంద. మీరు చెప్పిన 154లో 54 కోట్లు మన దేశపు పన్ను. ఓవర్సీస్ గ్రాస్‌ను 1.18తో భాగించడమూ తప్పే, మన జీఎస్టీ సరిహద్దు దాటదు.

భాష కూడా చూసుకోండి. జవాన్ హిందీ నెట్ సుమారు 582 కోట్లు, తమిళ, తెలుగు డబ్బింగులు కలిపితే 640 దాకా. రెండూ నిజమే. హిందీ రికార్డుల పట్టికలో 640 రాస్తేనే తప్పు.

ఇక షేర్. తెలుగు ట్రేడ్, అంటే సినిమా వ్యాపార వర్గాల మాటలు, వింటూ పెరిగినవాళ్లకు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర లాంటి పంపిణీ ఏరియాల పేర్లు అనగానే షేర్ అంకెలే గుర్తొస్తాయి. హిందీ ట్రేడ్ రోజువారీగా మాట్లాడేది నెట్. మన సినిమా వంద కోట్ల షేర్‌ను వాళ్ల వంద కోట్ల నెట్ పక్కన పెట్టి సమానం అనుకోవడం ఇక్కడి అభిమానుల్లో నేను చూసే అతి పెద్ద పొరపాటు. షేర్ అంటే పన్నూ, హాలు వాటా లేదా అద్దె పోయాక డిస్ట్రిబ్యూటర్ చేతికి మిగిలేది.

2009లో నిర్మాతలు దాదాపు రెండు నెలలు మల్టీప్లెక్సులకు కొత్త సినిమాలు ఇవ్వడం ఆపేశారు. ఆ గొడవ తర్వాత కుదిరిన ఒప్పందం ప్రకారం డిస్ట్రిబ్యూటర్ వాటా మొదటి వారం నెట్‌లో 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. లెక్క నెట్ మీద, గ్రాస్ మీద కాదు.

ఒక సినిమా వారాల వారీగా 120, 50, 20, 10 కోట్ల నెట్ తెచ్చిందనుకోండి, అంతా మల్టీప్లెక్సుల్లోనే. షేర్: 60, 21.25, 7.5, 3. మొత్తం 91.75. ఇంకో సినిమా 80, 60, 40, 20 తెచ్చింది. షేర్: 40, 25.5, 15, 6. మొత్తం 86.5. నెట్ రెండింటికీ 200 కోట్లే, డిస్ట్రిబ్యూటర్‌కు అయిదు కోట్ల పైన తేడా. ఓపెనింగ్ తెచ్చే స్టార్‌కు ట్రేడ్ అంత విలువ ఎందుకు కడుతుందో ఇక్కడ తెలుస్తుంది. అభిమానిగా నా ఓటు రెండో సినిమాకే. మూడో వారంలో 40 కోట్లు రావాలంటే చూసినవాళ్లు ఇంకొకర్ని పంపాలి, ఆ పని ఏ ప్రచారమూ చేయలేదు.

తొందరగా అంచనా కట్టాలంటే హిందీ నెట్‌లో 45 శాతం షేర్ అనుకోండి. అంటే వంద కోట్ల షేర్‌కు దాదాపు 222 కోట్ల నెట్, 262 కోట్ల గ్రాస్ కావాలి. ఈ 45 శాతాన్ని తెలుగు సినిమాకు మాత్రం వాడకండి. ఇక్కడ సింగిల్ స్క్రీన్లు చాలావరకు అద్దె మీద ఆడతాయి. వారం అద్దె ముందే ఖాయమైపోతే హాలు నిండినా, సగమే నిండినా అద్దె ఒకటే. కలెక్షన్ పెరిగేకొద్దీ షేర్ శాతం కూడా పెరుగుతుంది. హిందీ మల్టీప్లెక్స్ లెక్కలో అలా జరగదు, వారం మారేకొద్దీ శాతం తగ్గుతూనే పోతుంది.

అభ్యాసం. మొదటి రెండూ చేతి లెక్కలు. 2018 జులైలో ఒక సినిమా ఇండియా గ్రాస్ 256 కోట్లు, నెట్ ఎంత? ఈ ఏడాది సినిమా వరల్డ్‌వైడ్ గ్రాస్ 690, ఓవర్సీస్ 100, ఇండియా నెట్ ఎంత?

మూడోది నెల రోజుల పని. రాబోయే శుక్రవారం వచ్చే పెద్ద హిందీ సినిమా ఒకటి ఎంచుకోండి. రోజూ ఒకే ట్రేడ్ వర్గం ఇచ్చే నెట్ అంకె రాసుకోండి, మధ్యలో వర్గం మార్చొద్దు. పక్క గడిలో గ్రాస్ మీరే కట్టండి. సోమవారం అంకె శుక్రవారంలో ఎంత శాతమో విడిగా రాయండి, సగం కన్నా తగ్గితే ఎందుకు తగ్గిందో ఒక వాక్యం. ముందురోజు పెయిడ్ ప్రీమియర్లు పడితే ఆ డబ్బు మొదటి రోజులో కలిపారా, విడిగా చూపారా గమనించండి. ప్రతి గురువారం రాత్రి వారం మూసి, పై శాతాలతో షేర్ కట్టండి. ట్రేడ్ వారం శుక్రవారం నుంచి గురువారం దాకా. సినిమా బుధవారమో గురువారమో వస్తే మొదటి వారం సాగుతుంది: బుధవారం వచ్చిన పఠాన్‌కు తొమ్మిది రోజులు, గురువారం వచ్చిన జవాన్‌కు ఎనిమిది. అలాంటి సినిమా మొదటి వారాన్ని ఏడు రోజుల సినిమాతో పోల్చేటప్పుడు ఏ రోజులు తీసేయాలో మీరే తేల్చి, కారణంతో సహా రాయండి. వచ్చే పాఠం అక్కణ్ణుంచి మొదలవుతుంది.