క్షమాపణ, సమాధానం విషయాల్లో దేవుని చిత్తాన్ని ప్రార్థనలో వెదకడం ఎలా

మనసు గాయపడినప్పుడు మనలో చాలామంది "ప్రభువా, నేను ఇతన్ని క్షమించాలా వద్దా, నీ చిత్తమేమిటో తెలియజేయి" అని ప్రార్థిస్తారు. ఈ ప్రశ్నకు ప్రభువు ముందే జవాబిచ్చాడు. ప్రార్థన చేయడానికి నిలబడినప్పుడు ఎవరి మీదనైనా విరోధం ఉంటే క్షమించమని మార్కు 11:25లో ఆయనే ఆజ్ఞాపించాడు; అవతలి వ్యక్తి వచ్చి తప్పు ఒప్పుకున్నాడా లేదా అన్న మాట అక్కడ లేదు. కాబట్టి మనం నిజంగా అడగవలసింది వేరే ఉంది: ఆ వ్యక్తితో సమాధానపడటం, అంటే తిరిగి కలిసిపోవడం, ఎప్పుడు, ఏ విధంగా, ఎంత మేరకు? ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే ఎంతోమంది విశ్వాసులు ఏళ్ల తరబడి అపరాధభావంతో నలిగిపోతున్నారని నేను నమ్ముతున్నాను.

ముందుగా జరిగినదాన్ని జరిగినట్టే దేవునికి చెప్పండి. "నన్ను దూషించినవాడు శత్రువు కాడు, నా చెలికాడే" అని 55వ కీర్తనలో దావీదు తన బాధను దాచుకోకుండా మొరపెట్టాడు. మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానంలో, రాజు చేత పెద్ద అప్పు రద్దు చేయించుకున్న దాసునికి తోటి దాసుడు బాకీపడిన నూరు దేనారాలు కూడా చిన్న మొత్తమేమీ కాదు. ఆ రోజుల్లో దేనారం ఒక కూలివాని దినవేతనం గనుక, అది మూడు నెలలకు పైబడిన కష్టార్జితం. మనకు రాజు రద్దుచేసిన పదివేల తలాంతుల అపారమైన అప్పు ముందు మాత్రమే అది చిన్నదవుతుంది. అందువల్ల మీ నష్టాన్ని తక్కువ చేసి చెప్పకండి. దాని పూర్తి వెల తెలిసి విడిచిపెట్టినప్పుడే అది క్షమాపణ అవుతుంది.

ఆ తర్వాత పేరు పెట్టి ప్రార్థించండి. "తండ్రీ, ఫలానా వ్యక్తి నాకు ఈ కీడు చేశాడు. దీనికి పగ తీర్చుకునే పనిని నీ చేతికి అప్పగిస్తున్నాను. క్రీస్తు నన్ను క్షమించినట్లు నేనతన్ని క్షమిస్తున్నాను. అతన్ని దీవించు." చివరి వాక్యం మొదట్లో గొంతులో అడ్డుపడుతుంది, అయినా పలకండి. మరునాడు అదే జ్ఞాపకం అదే మంటతో తిరిగి వస్తే, నిన్నటి ప్రార్థన అబద్ధమని అనుకోకండి. డెబ్బది ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడుల సార్లు) క్షమించమన్న మాట ఒకే గాయం పదేపదే రేగినప్పుడు కూడా వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ వైపు చూసుకోండి. 139వ కీర్తన చివరి రెండు వచనాలను నెమ్మదిగా చదివి, మీ తప్పు ఏదైనా ఉంటే చూపించమని అడిగి కొంతసేపు మౌనంగా ఉండండి. మత్తయి 5:23-24లో ప్రభువు చెప్పింది మనకు ఎదుటివాని మీద ఉన్న విరోధం గురించి కాదు, ఎదుటివానికి మన మీద ఉన్న విరోధం గురించి. తప్పు మీదని తేటపడితే వేరే సూచన కోసం కనిపెట్టవలసిన పని లేదు, వెళ్లి ఒప్పుకోండి. ఆ ఒప్పుకోలులో "కానీ నువ్వు కూడా" అన్న మాట రానివ్వకండి. తీసుకున్నది ఏదైనా ఉంటే, అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇస్తానన్న సుంకరి జక్కయ్యలా తిరిగి ఇచ్చివేయండి.

తప్పు అవతలివారిదైనప్పుడే వివేచన ఎక్కువగా అవసరం. ఏన్గెదీ గుహలో దావీదు తనను చంపాలని తరుముతున్న సౌలు రాజును చంపగలిగి కూడా చంపలేదు. సౌలు ఏడ్చాడు, తన తప్పు ఒప్పుకున్నాడు. అయినా సౌలు తన ఇంటికి వెళ్తే, దావీదు తన మనుషులతో కొండస్థలానికే వెళ్లాడు. అతని జాగ్రత్త సరైనదే, ఎందుకంటే సౌలు మళ్లీ తరుముతూ వచ్చాడు. యోసేపు కూడా తనను అమ్మివేసిన అన్నలను చూసి చాటుకు వెళ్లి ఏడ్చాడు గాని వెంటనే తన్ను తాను బయలుపరచుకోలేదు. తమ్ముడు బెన్యామీనుకు బదులుగా తాను దాసుడిగా ఉంటానని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకు వచ్చిన తర్వాతనే బయలుపరచుకున్నాడు. కాబట్టి ప్రార్థనలో ఈ సంగతులు అడగండి: ఆ వ్యక్తిలో మారుమనస్సుకు తగిన ఫలం కనిపిస్తున్నదా? నేను దూరంగా ఉండటం జాగ్రత్త వల్లనా, శిక్షించాలన్న కోరిక వల్లనా? కొట్టే మనిషి దగ్గరికి, హింసించే మనిషి దగ్గరికి ఒంటరిగా తిరిగి వెళ్లమని క్షమాపణ పేరుతో ఎవరు బలవంతపెట్టినా అంగీకరించకండి. క్షమించినవారు కూడా భద్రమైన చోట ఉండవచ్చు, చట్టం ఇచ్చే రక్షణ కోరవచ్చు.

నడిపింపు వచ్చిందని అనిపించినప్పుడు దాన్ని పరీక్షించండి. పైనుండి వచ్చే జ్ఞానం పవిత్రమైనది, సమాధానకరమైనది అని యాకోబు 3:17 చెబుతున్నది. మీరు చెప్పబోయే మాటలు గెలవడం కోసమా, సహోదరుని సంపాదించుకోవడం కోసమా అని చూసుకోండి. మీకు సమ్మతమైనదే చెప్పే స్నేహితుని కన్నా, అవసరమైతే మిమ్మల్ని గద్దించగల అనుభవజ్ఞుడైన విశ్వాసితో కలిసి ప్రార్థించడం మేలు.

వెళ్లడం భద్రమేనని స్పష్టమైతే, మత్తయి 18:15 చెప్పినట్లు ముందుగా ఏకాంతంగా మాట్లాడండి. ఆ వ్యక్తి వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకువెళ్లండి. అప్పటికీ తలుపు తెరుచుకోకపోవచ్చు. "శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు" అని రోమా 12:18లో పౌలు హద్దు పెట్టే రాశాడు. ఆ పౌలే, ఒకసారి తమను మధ్యలో విడిచి వెళ్లిన మార్కును మళ్లీ వెంట తీసుకువెళ్లడానికి ఒప్పుకోక, తన సహపరిచారకుడైన బర్నబాతో తీవ్రంగా విభేదించి విడిపోయాడు. ఎంతో కాలం తర్వాత, సంకెళ్లలో ఉండి, మార్కు తన పరిచర్యకు ప్రయోజనకరమైనవాడు గనుక అతన్ని వెంటబెట్టుకు రమ్మని తిమోతికి రాశాడు. అందుచేత ఈ రోజు జవాబు రాకపోయినా, ఆ పేరును మీ అనుదిన ప్రార్థనలోనుండి తీసివేయకండి.